గ్యాసు బండకు చోటెక్కడ?

ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం. ఆ మూడు రోజులూ గుడిదారి పొడుగునా తీర్థపు కొట్లు వెలుస్తాయి. జీళ్లు, ఖాజాలు, జంతికలు, వేడివేడి పకోడీలు, టీ. వెనకటి రోజుల్లో ఇలాంటి కొట్ల వెనుక కట్టెల పొగ సుళ్లు తిరిగేది. ఇప్పుడు పొగ తగ్గింది. దాని బదులు బల్ల కింద ఎర్రదో నీలందో ఒక గ్యాసు బండ కనిపిస్తుంది.

ఈసారి ఏ తీర్థానికో, ఏ పలహారాల హోటలుకో వెళ్లినప్పుడు ఆ బండలు లెక్కపెట్టి చూడండి. హోటళ్లకు ఇచ్చే పెద్ద బండలో 19 కిలోల గ్యాసు ఉంటుంది. అలాంటివి ఐదు నిల్వ చేసుకుంటే లైసెన్సు అక్కరలేదు. ఆరోది వచ్చి చేరిందంటే లైసెన్సు కావాలి. ఒకచోట 100 కిలోలకు మించి వంటగ్యాసును బండల్లో నిల్వ చెయ్యాలంటే అనుమతి పొందాలని 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చెబుతాయి. ఐదు పంతొమ్మిదులు తొంభై అయిదు. ఆరు పంతొమ్మిదులు నూట పద్నాలుగు. సరే, లెక్క కుదిరింది. కాని ఐదింటికి లేని భయం ఆరోదానితో ఎందుకొచ్చింది? ఆరో బండ ఏం పాపం చేసింది?

ఈ ప్రశ్నకు జవాబు చట్టం పుస్తకంలో వెతికితే దొరకదు. బండ లోపల ఉన్న పదార్థం ఎలాంటిదో తెలిస్తే దొరుకుతుంది. ఆ ఒక్క నిబంధనకే కాదు, బండను నిలువుగా ఎందుకుంచాలి, గోతిలో ఎందుకుంచకూడదు, స్టవ్వు గట్టుమీదే ఎందుకుండాలి అనేవాటికి కూడా జవాబులు అక్కడే ఉన్నాయి.

బండలో ఏముంది?

సిలిండరుకు మనవాళ్లు బండ అని పేరు పెట్టారు. బరువు చూసి పెట్టిన పేరై ఉంటుంది. ఇంటి బండలో గ్యాసు 14.2 కిలోలు, ఉక్కు డొల్ల మరో పదిహేను పదహారు కిలోలు. రెండూ కలిసి ముప్పై కిలోలు. ఎత్తినవాళ్లకు బండే మరి!

ఆ బండను పట్టుకుని కాస్త కదిపి చూడండి. లోపల ఏదో తొణికినట్లు తెలుస్తుంది. గ్యాసు అంటున్నాం గాని లోపల ఉన్నది ఎక్కువ భాగం ద్రవమే. ప్రొపేను, బ్యూటేను అనే రెండు పదార్థాల మిశ్రమం అది. మామూలు గాలి పీడనంలో ప్రొపేను సున్నాకు దిగువన 42 డిగ్రీల చలిలోనే మరిగిపోతుంది. బ్యూటేను దాదాపు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది. మన సముద్రతీరపు ఎండలో అవి ద్రవంగా నిలవడం అసాధ్యం. అందుకే ఉక్కు డొల్లలో అణిచి పెడతారు. లోపలి పీడనం బయటి గాలి పీడనానికి ఐదారు రెట్లు ఉంటుంది. వేసవిలో ఇంకా పెరుగుతుంది. ఆ పీడనానికి లొంగి వాయువు ద్రవంగా ఉండిపోతుంది.

ఈ సంగతి కనిపెట్టిన కథ తమాషాగా ఉంటుంది. 1910లో అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కారు పెట్రోలు ఎందుకలా ఆవిరైపోతున్నదో పరిశీలించాడు. పెట్రోలులో ప్రొపేను, బ్యూటేను కూడా కరిగి ఉన్నాయనీ, అవే ముందుగా ఎగిరిపోతున్నాయనీ తేలింది. వాటిని విడదీసి సీసాల్లో అణిచిపెట్టే పద్ధతి ఆయన కనిపెట్టాడు. అంటే పారిపోయే గుణం వల్లే ఈ పదార్థం మనిషి కంట పడిందన్నమాట. ఆ గుణం అది ఇప్పటికీ మానుకోలేదు.

ఇంటి బండ లోపలి చోటు సుమారు 33 లీటర్లు. అందులో నింపే ద్రవం 26 లీటర్లు. మిగిలిన ఐదోవంతు ఖాళీ. నింపేవాళ్లు పిసినారితనంతో వదిలిన ఖాళీ కాదది. వేడెక్కితే ఈ ద్రవం నీటికంటే పది రెట్లకు పైగా ఉబ్బుతుంది. నిండుగా నింపి ఎండలో పెడితే ఉబ్బిన ద్రవానికి చోటు చాలదు. వాయువునైతే కాస్త నొక్కవచ్చు. ద్రవాన్ని నొక్కడం దాదాపు అసాధ్యం. అప్పుడు ఉక్కే చీలాలి. పెద్ద బండలోంచి చిన్న బండలోకి దొంగచాటుగా గ్యాసు నింపడాన్ని చట్టం నిషేధించింది. దానికి గల కారణాల్లో ఇదొకటి. అలా నింపేవాడికి ఆ ఖాళీని కొలిచే సాధనం ఉండదు.

ఇక ఆ ద్రవం బయటపడితే? ఒక్క లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. నిండు బండలోని 26 లీటర్లు బయటికొస్తే 6,500 లీటర్లు. గాలిలో ఈ వాయువు నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. తొమ్మిదిన్నర పాళ్లు దాటితే గాలి చాలక అంటుకోదు. ప్రమాదమంతా ఆ రెంటి మధ్య ఉంది.

ఒక లెక్క వెయ్యండి. మీ వంటిల్లు పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకుందాం. వెయ్యి ఘనపు టడుగులు. అంటే ఇరవై ఎనిమిది వేల లీటర్లకు పైగా. అందులో నూటికి రెండు పాళ్లంటే 560 లీటర్ల వాయువు. దానికి కావలసిన ద్రవం రెండు లీటర్లు మించి కొంచెం, బరువు కిలోంబావు. బండలో పదోవంతు కూడా అక్కరలేదు! పైగా ఈ లెక్క వాయువు గదంతా సమంగా పరుచుకున్నప్పటి మాట. అది అలా పరుచుకోదు. ఆ సంగతికే వస్తున్నాను.

ఈలోగా ఇంకో మాట. 14.2 కిలోల గ్యాసులో ఉన్న వేడి ఎంతో తెలుసా? ముప్పై అయిదు నలభై కిలోల ఎండు సరుగుడు కట్టెల్లో ఉండే వేడి ఎంతో దాదాపు అంతే. ఒక పెద్ద మోపు కట్టెలు! కట్టెల మోపును ఇంటి వెనుక ఎండబెట్టుకోడానికి ఎవరూ భయపడరు. కట్టె తన వేడిని నెమ్మదిగా ఇస్తుంది. గాలిలో కలిసిన గ్యాసు అదంతా ఒక్క క్షణంలో ఇచ్చేస్తుంది. తేడా వేడి మొత్తంలో లేదు, అది వచ్చే వేగంలో ఉంది.

పొట్టి కొవ్వొత్తి, పొడుగు కొవ్వొత్తి

పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని ఈ ప్రయోగం చెయ్యండి. లోతైన గాజు గిన్నె ఒకటి తీసుకోండి. అందులో రెండు కొవ్వొత్తులు నిలబెట్టండి. ఒకటి బొటనవేలంత పొట్టిది, ఒకటి దానికి రెండింతలు పొడుగుది. రెండూ గిన్నె అంచుకు కిందనే ఉండాలి. అడుగున రెండు మూడు చెంచాల వంటసోడా చల్లి, కొవ్వొత్తులు వెలిగించండి. ఇప్పుడు గిన్నె పక్కనుంచి జాగ్రత్తగా నిమ్మరసం పొయ్యండి. వంటసోడా బుసబుస పొంగుతుంది. కాసేపటికి పొట్టి కొవ్వొత్తి ఆరిపోతుంది. పొడుగుది ఇంకా వెలుగుతూనే ఉంటుంది. మరికొంచెం రసం పోస్తే అదీ ఆరుతుంది.

పొంగి వచ్చినది కార్బన్ డయాక్సైడ్ వాయువు. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే నీళ్లలా అడుగునుంచి నిండుతూ వచ్చింది. ఇక్కడే చిత్రమైన విషయం ఉంది. కార్బన్ డయాక్సైడ్ అణువులో కార్బన్ పరమాణువు ఒకటి, ఆక్సిజన్ పరమాణువులు రెండు. 12కు 32 కలిపితే 44. ప్రొపేను అణువులో కార్బన్ పరమాణువులు మూడు, హైడ్రోజన్ పరమాణువులు ఎనిమిది. 36కు 8 కలిపితే 44. రెండింటి అణుభారం ఒక్కటే! మీ గాజు గిన్నెలో కార్బన్ డయాక్సైడ్ ఎలా నడిచిందో, వంటింట్లో ప్రొపేను కూడా అలాగే నడుస్తుంది. బ్యూటేను ఇంకా బరువు, గాలికి రెండింతలు.

గిన్నెలో వచ్చినది మంటను ఆర్పే వాయువు కనుక పొట్టి కొవ్వొత్తి ముందు ఆరింది. అదే ప్రొపేను అయితే ముందు అంటుకునేది ఆ పొట్టి కొవ్వొత్తి దగ్గరే.

ఇప్పుడు మన పల్లెల వంటిళ్లు గుర్తు తెచ్చుకోండి. కట్టెల పొయ్యి ఎక్కడుంటుంది? నేలమీద. తరతరాలుగా అమ్మలూ అమ్మమ్మలూ పీటమీద కూర్చుని వండారు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలై పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. 2016లో కేంద్రప్రభుత్వ ఉజ్జ్వల పథకం వచ్చింది. ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇచ్చే రెండో దీపం పథకాన్ని 2024 నవంబరు 1న ప్రారంభించినది శ్రీకాకుళం జిల్లాలోనే, ఈదుపురంలో. పొగ పీల్చే బాధ తప్పడం చిన్న సంగతి కాదు. కాని కూర్చుని వండే అలవాటుకొద్దీ కొందరు గ్యాసు స్టవ్వును కూడా నేలమీదే పెట్టుకున్నారు, బండ పక్కనే. మరికొందరు ఆ గదిలోనే పాత కట్టెల పొయ్యినీ ఉంచుకున్నారు, నీళ్లు కాచుకోడానికి.

పొట్టి కొవ్వొత్తి కథ తెలిసినవాళ్లకు ఇందులో చిక్కేమిటో చెప్పనక్కరలేదు. కారిన గ్యాసు చేరేది నేలమీదికే. నిప్పు ఉన్నదీ నేలమీదే. స్టవ్వు గట్టుమీద, బండ కంటే ఎత్తులో ఉండాలన్న నియమం ఇందుకోసమే పుట్టింది. ఒక గదిలో గ్యాసు, ఇంకో మూల కట్టెల పొయ్యి ఉండకూడదన్నదీ ఇందుకే. దేవుడి మూల నేలమీద వెలిగే దీపం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బండను గోతిలో గాని, నేలమట్టానికి దిగువనున్న గదిలో గాని ఉంచకూడదంటారు. గోతిలో పడ్డ నీరు పైకి ఎక్కి రానట్లే అక్కడ చేరిన గ్యాసు కూడా కదలదు. అలమారలో పెట్టి తలుపు వేస్తే, ఆ అలమారకు అడుగునా పైనా గాలికంతలు ఉండాలి. కిటికీ ఒక్కటి చాలదా అంటారేమో. కిటికీ నడుమెత్తున ఉంటుంది, గ్యాసు పాదాల దగ్గర ఉంటుంది. దానికి దారి గడపే.

ఈ బరువు గుణం వల్ల పిల్లలకు మాత్రం ఒక సౌకర్యం ఉంది. నేలమీద చాప వేసుకుని చదువుకునే మీ ముక్కుకు, నిలబడి పనిచేసే పెద్దల ముక్కుకంటే ముందుగా వాసన తెలిసే అవకాశం ఎక్కువ. చిన్నవాళ్లు వాసన వస్తోందంటే పెద్దవాళ్లు కొట్టిపారెయ్యకూడదు.

విశాఖపట్నం, 1997

గ్యాసు నేలబారున ఎంత దూరమైనా పోగలదని మన ఉత్తరాంధ్ర ఒక ఆదివారం నాడు చూసింది. 1997 సెప్టెంబరు 14. విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం చమురు శుద్ధి కర్మాగారం. ఓడలో వచ్చిన వంటగ్యాసును గొట్టాల ద్వారా నిల్వ గోళాలకు చేరవేస్తున్నారు. ఎక్కడో కారింది. తెల్లవారుజామున గాలి చలనం తక్కువ. కారిన వాయువు చెదిరిపోకుండా మబ్బులా నేలమీద పరుచుకుంది. ఉదయం ఆరు దాటిన కాసేపటికి ఆ మబ్బుకు నిప్పు తగిలింది. పక్కనున్న గోళాలకూ, చమురు ట్యాంకులకూ మంటలు పాకాయి. సుమారు 60 మంది చనిపోయారు. పొగ ఆకాశాన్ని కప్పేసింది. ఇంకేం పేలుతుందోనన్న భయంతో వేలాదిమంది ఊరు విడిచి వెళ్లిపోయారు.

ఇక్కడ గమనించవలసినది, కారినచోట నిప్పు లేకపోవడం. గ్యాసు నిప్పును వెతుక్కుంటూ పోయింది. నిల్వకూ మనుషులు తిరిగే చోటికీ మధ్య ఖాళీ నేల ఉండాలని నిబంధనలు పట్టుబట్టేది ఇందుకే. నిల్వ పెరిగినకొద్దీ ఆ దూరమూ పెరుగుతుంది. ఖాళీ నేల ఉంటే గ్యాసు గాలిలో కలిసి రెండు పాళ్లకంటే పలచబడిపోతుంది. అప్పుడు నిప్పు ఎదురైనా ఏమీ చెయ్యలేదు. ఆ దూరాన్ని చూసి ‘అంత స్థలం వృథా’ అని విసుక్కునేవాళ్లుంటారు. ఆ స్థలం ఒక పని చేస్తూనే ఉంటుంది, మన కంటికి కనబడదంతే.

కాగితపు దొన్నెలో నీళ్లు

ఆరో బండ సంగతి తేల్చాలంటే ఇంకో చిన్న ప్రయోగం కావాలి. దళసరి కాగితాన్ని దొన్నెలా మడవండి. సగానికి నీళ్లు పోసి, కొవ్వొత్తి మంట సరిగ్గా నీళ్ల అడుగుకు తగిలేలా పట్టండి. నీళ్లు వేడెక్కుతాయి, కాగితం మాత్రం కాలదు. మంట ఇచ్చే వేడిని నీరు లాగేసుకుంటూ ఉంటుంది. అదే మంటను నీళ్లు లేని పై అంచుకు చూపించండి. క్షణంలో నల్లబడి అంటుకుంటుంది. దగ్గర ఒక బకెట్టు నీళ్లు ఉంచుకోవడం మరిచిపోకండి.

మంటల్లో చిక్కుకున్న గ్యాసు బండకు జరిగేది ఇదే. అడుగున ద్రవం ఉన్నంతమేరా ఉక్కు చల్లగానే ఉంటుంది. ద్రవం పైన, ఖాళీ ఉన్నచోట మంట తగిలితే అక్కడి ఉక్కు ఎర్రబడి మెత్తబడుతుంది. లోపల ద్రవం మరిగి పీడనం పెరిగిపోతూ ఉంటుంది. చివరికి మెత్తబడ్డచోట ఉక్కు చీలుతుంది. అణిగి ఉన్న ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై, అగ్నిగోళమై లేస్తుంది.

దీన్ని ప్రపంచానికి మరపురాని విధంగా నేర్పిన ఊరు ఫ్రాన్సులోని ఫేజాన్. 1966 జనవరి 4న అక్కడి చమురు శుద్ధి కర్మాగారంలో ఒక పనివాడు ప్రొపేను గోళం అడుగునుంచి మడ్డినీరు తీస్తున్నాడు. ప్రొపేను ఆవిరవుతూ కవాటాన్ని గడ్డకట్టించేసింది. మూద్దామంటే మూతపడలేదు. గ్యాసు నేలబారున రోడ్డు దాకా పాకింది. అక్కడికొచ్చిన ఒక కారు వల్ల అంటుకుంది. మంట వెనక్కి నడిచి గోళాన్ని చేరింది. అగ్నిమాపక దళం వచ్చింది. గోళం పేలదన్న నమ్మకంతో వాళ్లు చుట్టుపక్కల వాటిని తడుపుతూ దగ్గరలోనే ఉన్నారు. సుమారు గంటన్నర తరువాత గోళం పేలింది. 18 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మంటలార్పడానికి వచ్చినవాళ్లే.

ఇప్పుడు ఆరో బండ దగ్గరికి రండి. బండలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని మంట రెండోదాన్ని కాలుస్తుంది. రెండోది చీలితే మూడోదాన్ని. బండలు పెరిగేకొద్దీ ప్రమాదం కేవలం ఒక్కొక్క బండ చొప్పున పెరగదు. ఒకదాన్నొకటి అంటించుకునే గొలుసు పొడుగవుతుంది, మంటలార్పేవాళ్లు దగ్గరకు పోలేని దూరం పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి. మన నిబంధనలు 100 కిలోల దగ్గర గీశాయి. ఆరో బండలో విశేషమేమీ లేదు. గీత దాటిందంతే. గీతకు ఇవతల జాగ్రత్త మన వివేకానికి వదిలారు. అవతల అధికారి వచ్చి చూస్తాడు. నాగపూరులో ముఖ్యకార్యాలయం ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇందుకు ఉంది. నిల్వగది మంటకు అంటుకోని సామానుతో కట్టాలి. నేల దగ్గరా కప్పు దగ్గరా గాలికంతలు ఉండాలి. లోపల విద్యుత్తు దీపాలు నిప్పురవ్వ బయటికి రాని రకానివి కావాలి. చుట్టూ ఖాళీ స్థలం ఉండాలి.

గీతకు ఇవతల ఉన్నంతమాత్రాన భయం లేదనుకోకూడదు. ఒక్క ఇంటి బండ చాలు, గోడలు కూలడానికి. తీర్థంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక వరసలో ఇరవై కొట్లు, కొట్టుకు రెండేసి 19 కిలోల బండలు అనుకోండి. ఎవరి నిల్వా 38 కిలోలు మించదు. ఎవరికీ లైసెన్సు అక్కరలేదు. వరస మొత్తం కూడితే 760 కిలోలు! పైన గుడ్డ పందిళ్లు, మధ్య తడికలు. నిప్పుకు ఇది సుబ్బయ్య కొట్టు, అది అప్పన్న కొట్టు అన్న తేడా తెలియదు. తీర్థపు కొట్ల మధ్య ఎడం వదిలించడం, పందిరికి బయట బండ పెట్టించడం, అగ్నిమాపక వాహనం పట్టేంత దారి ఉంచడం నా దృష్టిలో లైసెన్సు కాగితం కంటే ముఖ్యమైన పనులు. శ్రీకాకుళం పట్టణం నుంచి శ్రీకూర్మం పదిహేను కిలోమీటర్ల లోపే. అయినా జనం కిక్కిరిసిన దారిలో ఆ వాహనం పరుగెత్తలేదు.

కొట్లలో ఇంకో అలవాటు కూడా కనిపిస్తుంది. పెద్ద పొయ్యి మండుతుంటే బండ బయట చెమ్మ పడుతుంది, ఒక్కోసారి తెల్లగా మంచు పేరుకుంటుంది. మట్టికుండలో నీరు చల్లబడినట్లే, ఆవిరయ్యే ద్రవం తన వేడిని తానే పోగొట్టుకుని చల్లబడుతుంది. చల్లబడితే పీడనం తగ్గుతుంది, మంట చిన్నదవుతుంది. అప్పుడు గ్యాసు అయిపోయిందనుకుని బండను పక్కకు పడుకోబెట్టేవాళ్లూ, వేడినీళ్ల గంగాళంలో పెట్టేవాళ్లూ ఉన్నారు. పడుకోబెడితే వాయువు బదులు ద్రవం రెగ్యులేటరులోంచి దూసుకొస్తుంది. రెగ్యులేటరు పని ఏమిటి? చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కన ఉన్న పీడనాన్ని ముప్పై గ్రాములకు దించడం. అది వాయువు కోసం చేసిన సాధనం. లోపలికి ద్రవం వస్తే పొయ్యి దగ్గర అది 250 రెట్లు ఉబ్బి, మంట మనిషెత్తు లేస్తుంది. బండ నిలువుగానే ఉండాలనడానికి కారణం ఇది. ఖాళీ బండకైనా ఈ నియమం తప్పదు. ఖాళీ అన్నదానిలో కూడా కొంత గ్యాసు మిగిలే ఉంటుంది.

వాసన ఎవరు కలిపారు?

నిజానికి ప్రొపేనుకు గాని బ్యూటేనుకు గాని చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకు తెలిసే ఆ కుళ్లు వాసన ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధక పదార్థానిది. కావాలని కొంచెం కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి బడిలో నేల కింది ఖాళీలోకి సహజవాయువు కారింది. అప్పట్లో దానికి వాసన కలిపేవారు కాదు. ఎవరికీ తెలియలేదు. ఒక విద్యుత్తు పనిముట్టునుంచి వచ్చిన నిప్పురవ్వ చాలింది. దాదాపు 300 మంది పిల్లలూ ఉపాధ్యాయులూ చనిపోయారు. ఆ తరువాత వాయువుకు వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు. క్రమంగా ఇతర దేశాల్లోనూ అది నియమమైంది. గాలిలో గ్యాసు అంటుకునే పాళ్లలో ఐదోవంతు చేరేసరికే ముక్కుకు తెలిసేటట్లు ఈ వాసన కలుపుతారు. అంటే వాసన వచ్చిందంటే ఇంకా కొంత వ్యవధి ఉందని అర్థం.

ఆ వ్యవధిలో స్విచ్చు ముట్టుకోకూడదు. వెయ్యనూ కూడదు, ఆర్పనూ కూడదు. రెండిట్లోనూ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాను వేసి గ్యాసును తరిమేద్దామనిపిస్తుంది. అది మరీ ప్రమాదం. వెలిగే పొయ్యి, దీపం ఆర్పేసి, రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ తెరవాలి. రెగ్యులేటరు తీసి బండకు మూత బిగించాలి. చేతనైతే బండను బయట పెట్టాలి. బయటికొచ్చాక ఫోను చెయ్యాలి. గ్యాసు కారితే 1906, మంట లేస్తే 101. ఫ్రిజ్జు ఒకటి మరిచిపోతారు. దాని లోపలి మీట ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తాను టక్కుమంటుంది. కనుక బండకు ఫ్రిజ్జు పక్క మంచి చోటు కాదు.

రెగ్యులేటరు తీసినా బండలోంచి గ్యాసు బుస్సుమని రాకపోవడానికి లోపల స్ప్రింగుతో పనిచేసే కవాటం ఉంది. రెగ్యులేటరు దాని మొనను కిందికి నొక్కి ఉంచుతుంది. తియ్యగానే మొన పైకి లేచి దారి మూసుకుంటుంది. శ్రీకూర్మం గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లను చూశారా? అలికిడి కాగానే తల లోపలికి లాక్కుని తలుపు వేసుకున్నట్లు చేస్తాయి. ఇంచుమించు అలాంటి ఏర్పాటే. కవాటంలోని రబ్బరు కట్టు అరిగితే మాత్రం తలుపు సరిగా పడదు. కొత్త బండ వచ్చినప్పుడు మూత తీసి సబ్బునీళ్లు పోసి చూడండి. బుడగలు లేస్తే వెనక్కి పంపండి. అగ్గిపుల్ల గీసి చూసే ధీరులు కూడా ఉన్నారు. వారి దగ్గర నిలబడకండి.

బండ మెడ దగ్గర లోపలివైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు వరకు. సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు ఆఖరులోగా ఆ బండను మళ్లీ పరీక్షించాలన్నమాట. గడువు దాటినదాన్ని తీసుకోనక్కరలేదు.

చివరగా ఒక పొడుపుకథ. బండను గోతిలో ఉంచకూడదని ఇంతసేపూ చెప్పుకున్నాం. అదే విశాఖపట్నంలో 60,000 టన్నుల వంటగ్యాసును భూమికి సుమారు 200 మీటర్ల లోతున, రాతిని తొలిచి చేసిన గుహల్లో దాచారు! 2007లో తయారైన ఈ నిల్వ మన దేశంలో వంటగ్యాసుకు మొట్టమొదటి భూగర్భ గుహ. ఉక్కు తొడుగు లేదు, చుట్టూ ఉన్నది ఉత్త రాయి. రాతిలో సన్నని పగుళ్లు ఉండకపోవు. మరి గ్యాసు ఎందుకు కారదు?

పగుళ్లనిండా నీరు ఉంటుంది గనుక. పది మీటర్ల లోతు నీరు ఒక వాతావరణ పీడనంతో సమానం. 200 మీటర్ల లోతున నీరు సుమారు 20 వాతావరణాల పీడనంతో నొక్కుతుంది. గుహలో గ్యాసు పీడనం అందులో సగం దగ్గరే ఉంటుంది. అందువల్ల గ్యాసు పగుళ్లలోకి పోదు, నీరే గుహలోకి ఊరుతుంది. ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. గుహ పైభాగాన రాతిలో రంధ్రాలు చేసి ఎప్పుడూ నీరు అందేలా చూస్తారు, పగుళ్లు ఎండిపోకుండా. పైగా అంత లోతున గాలి లేదు, నిప్పు లేదు, ఎండ లేదు. వంటింటి గోతిలో గ్యాసు పక్కన గాలి ఉంటుంది. ఇక్కడ ఉన్నది నీరూ రాయీ మాత్రమే.